ఇంట్లో తక్కువ ఖర్చుతో చలికాలం క్యాండిల్స్: ఏ మైనం, ఏ పద్ధతి, ఎవరికి ఏది

చలికాలం రాగానే అందరూ అడిగే మాట ఒకటే, ఇంట్లో క్యాండిల్స్ చేద్దామనుకుంటున్నా పారాఫిన్ కొనాలా సోయ్ వ్యాక్స్ కొనాలా అని. నన్నడిగితే ఆ ప్రశ్న రెండోది. ముందు తేల్చుకోవాల్సింది ఏంటంటే ఆ కొవ్వొత్తిని మీరు నిజంగా వెలిగిస్తారా, ఎవరికైనా గిఫ్ట్ ఇస్తారా, లేకపోతే కిటికీ దగ్గరో టేబుల్ మీదో పెట్టుకుని చూసుకుంటారా అన్నది. ఈ మూడింటికీ మైనం వేరు, వత్తి వేరు, ఖర్చు కూడా వేరే, ఇది తేల్చుకోకుండా వీడియో చూసి సామాను మొత్తం తెచ్చేసుకుంటే సగం సామాను అలమారలోనే ఉండిపోతుంది.

ఖర్చు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. మైనం దగ్గర అందరూ గీసి గీసి బేరమాడతారు గానీ గ్రాముల్లో లెక్కేస్తే అన్నిటికన్నా ఖరీదైంది సెంట్ కోసం వేసే ఫ్రాగ్రెన్స్ ఆయిల్, దాని తర్వాత సిలికాన్ మౌల్డులు, ఆ తర్వాత మూత ఉన్న అందమైన గాజు జార్లు. ఈ మూడూ పక్కన పెట్టేస్తే మిగిలేది మైనం, వత్తి, ఇంట్లో ఉన్న ఏదో ఒక డబ్బా, అంతే. చలికాలం థీమ్ లో ఉన్న లాభం కూడా ఇదే, మనకి కావాల్సింది తెలుపు, మంచు పేరుకున్నట్టు గరుకు, ఐసు కరిగిపోతే మిగిలే ఖాళీలు, గాజు మీద పట్టిన మంచు పొర, ఇవన్నీ మైనం చల్లారే తీరులోంచే వచ్చేస్తాయి, రంగులు కొనక్కర్లేదు సెంట్ కూడా తప్పనిసరి కాదు. నా మటుకు నేను మిగిలిన డబ్బు వత్తి మీద పెట్టమంటాను, ఎందుకో కింద చెప్తా.

మైనాల సంగతి

పారాఫిన్ అంటే పెట్రోలియం శుద్ధి చేసేటప్పుడు వచ్చే మైనం, అన్నిట్లో చవక, ఎక్కడైనా దొరుకుతుంది, రంగు బాగా పడుతుంది, సెంట్ వేస్తే బాగా వదులుతుంది. కానీ పారాఫిన్ అని అడిగి ఏదిస్తే అది తెచ్చుకోకండి, ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చూడండి. 50 నుంచి 55 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కరిగేది మెత్తగా ఉంటుంది, అది జార్లలో పోయడానికి. విడిగా నిలబడే లావు కొవ్వొత్తి, అదే పిల్లర్ అంటారే, దానికి 58 నుంచి 62 మధ్య కరిగేది కావాలి. ఇవి తారుమారు అయితే గట్టి మైనం జార్ లో గోడల నుంచి ఊడి వచ్చేస్తుంది, మెత్తది పిల్లర్ చేస్తే వెలిగించిన కాసేపటికే పక్కకి ఒరిగిపోతుంది.

దీనికున్న పెద్ద జబ్బు ఏంటంటే చల్లారేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, పరిమాణంలో పదో వంతుకి పైనే తగ్గుతుంది, అందుకే వత్తి చుట్టూ గుంట పడుతుంది, ఒక్కోసారి పైకి బాగానే ఉండి లోపల బోలు ఉంటుంది. దీనికి మందు రెండోసారి పోయడమే. పైన తెట్టు కట్టాక సన్నటి పుల్లతో వత్తి పక్కన రెండు మూడు చోట్ల లోపలికి దిగేలా గుచ్చి, పూర్తిగా చల్లారాక మిగిల్చి పెట్టుకున్న మైనాన్ని మొదటిసారి కంటే కాస్త వేడిగా ఆ గుంటలోకి పోయాలి, మొదటి మట్టం దాటకుండా. దాటితే అచ్చుకీ క్యాండిల్ కీ మధ్య సందులోకి దిగి తీసేటప్పుడు ఇరుక్కుంటుంది. కాబట్టి కరిగించిన దాంట్లో కొంచెం పక్కన ఉంచుకోవడం మర్చిపోవద్దు, ఈ ఒక్క పనికి బద్ధకించి చాలామంది పారాఫిన్ మంచిది కాదని తేల్చేస్తారు.

ఉత్త పారాఫిన్ కాస్త పారదర్శకంగా, నూనె కాగితం రంగులో ఉంటుంది, తెల్లగా మంచులా కనపడాలంటే స్టియరిక్ యాసిడ్ కలపాలి. పేరు చూసి భయపడకండి, కొవ్వుల నుంచి తీసే తెల్ల పొడో రేకులో అంతే, 100 గ్రాముల మైనానికి 10 గ్రాములు చాలు. తెలుపు వస్తుంది, గట్టిపడుతుంది, అచ్చులోంచి తేలిగ్గా ఊడుతుంది, వెలిగిస్తే కారడం తగ్గుతుంది. రబ్బరు అచ్చులు వాడేవాళ్ళు మాత్రం ఇది ఎక్కువ వేయకండి, రబ్బరుని పాడు చేస్తుంది. చలికాలం క్యాండిల్స్ కి నేను కొనమని గట్టిగా చెప్పే అదనపు సరుకు ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

సోయ్ వ్యాక్స్ అంటే సోయా నూనెని హైడ్రోజన్ తో గట్టిపరిచి చేసిన మైనం, 1990ల్లో మొదలైంది, పారాఫిన్ అంత పాతది కాదు. జార్లకి చాలా బాగుంటుంది, తక్కువ వేడికే కరుగుతుంది, గాజుని బాగా పట్టుకుంటుంది, గిన్నె కడగడం కూడా తేలిక, వేడి నీళ్ళు సబ్బుతో పోతుంది. రెండోసారి పోయాల్సిన పని చాలావరకు ఉండదు. పారాఫిన్ కంటే ఖర్చు ఎక్కువ, పైగా మామూలు జార్ రకం సోయ్ తో పిల్లర్ చేద్దామంటే కుదరదు, మరీ మెత్తన. సెంట్ వేసినా వెంటనే రాదు, పోసిన తర్వాత ఒకటి రెండు వారాలు మూత పెట్టి పక్కన ఉంచాలి, అప్పుడే వాసన నిలబడుతుంది. రేపు పార్టీ ఉంది ఇవాళ చేస్తా అనేవాళ్ళకి ఇది కాదన్నమాట, వాళ్ళు పారాఫిన్ చేస్కోండి, దానికి రెండు మూడు రోజులు ఆగితే చాలు, సెంట్ లేకపోతే అదీ అక్కర్లేదు.

సోయ్ మీద తెల్లటి పూత పూసినట్టు వస్తుంది, ఫ్రాస్టింగ్ అంటారు, దాని కొవ్వు స్ఫటికాలుగా మారుతుంటే వచ్చేది, చెడిపోవడం కాదు. ఎర్రటి క్యాండిల్ మీద వస్తే మచ్చలా కనపడి ప్రాణం ఉసూరుమంటుంది, అదే రంగు వేయని తెల్లదాని మీద అయితే అసలు కనపడదు, లేత నీలం మీద వస్తే నిజంగానే కిటికీ అద్దం మీద మంచు పట్టినట్టు ఉంటుంది. కాబట్టి చలికాలం సోయ్ క్యాండిల్ కి ముదురు రంగు జోలికి పోవద్దు, లేత రంగో తెలుపో వేస్కుంటే ఆ లోపమే మీకు డెకరేషన్ అవుతుంది.

మరి పారాఫిన్ పొగ విషం, సోయ్ అమృతం అని రాసేవాళ్ళు ఉన్నారు కదా అంటే, మసి అనేది ముఖ్యంగా వత్తి పొడవు వల్ల, గాలి వల్ల, లావు వత్తి వల్ల వస్తుంది, సోయ్ లో కూడా పొడుగు వత్తి పెడితే జార్ అంచు నల్లబడుతుంది. మొక్కల నుంచి వచ్చింది కావాలి, పెట్రోలియం వద్దు అనుకుంటే సోయ్ తీస్కోండి, అది మంచి కారణమే. ఆరోగ్యం పేరు చెప్పి రెండింతలు పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

తేనెమైనం గ్రాముల్లో చూస్తే చాలా ఖరీదు, 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నిదానంగా కాలుతుంది, దానికదే మంచి వాసన. కరిగించి పోయడానికి కొంటే మన బడ్జెట్ దాటిపోతుంది. అదే తేనెపట్టు గళ్ళు అచ్చేసిన షీట్లు దొరుకుతాయి చూడండి, అవి వేరే కథ, స్టవ్ వెలిగించకుండా చుట్టేసుకోవచ్చు, దాని గురించి కింద చెప్తా. పామ్ వ్యాక్స్ బాగా వేడిగా పోసి మెల్లగా చల్లారనిస్తే పైన ఈకల్లా నక్షత్రాల్లా స్ఫటికాలు వస్తాయి, ఏ డెకరేషనూ లేకుండా చలికాలం అందం అంతా దాంట్లోనే ఉంటుంది, దొరికితే ఒకసారి చూడండి కానీ పామ్ తోటల కోసం అడవులు కొట్టేస్తున్నారన్న సంగతి కూడా తెలిసి కొనండి. జెల్ వ్యాక్స్ మొదటిసారి చేసేవాళ్ళకి వద్దే వద్దు, అది మినరల్ ఆయిల్ ని ప్లాస్టిక్ లాంటి రెజిన్ తో గట్టిపరిచింది, చాలా వేడి కావాలి, మామూలు సెంట్లు అందులో కలవవు, లోపల పూసలు గవ్వలు పెడుతూ పెడుతూ ఎండిన పూలు పెట్టేస్తారు, అవి అంటుకుంటాయి.

ఇక అన్నిటికన్నా చవకైంది ఇంట్లో మిగిలిన పాత కొవ్వొత్తుల ముక్కలు. ఇవి కలిపి కరిగిస్తే వచ్చేది సాధారణంగా బురద రంగు, అందుకే ముందే వేరు చేస్కోండి, తెల్లవి ఒక పక్క రంగువి ఒక పక్క. తెల్లవి మంచు పొరకి, ఐస్ క్యాండిల్ కి, ఈ రెండూ కింద చెప్తా. రంగువి క్యాండిల్ లోపలి భాగానికి, పైన తెల్లటి పొర వేస్తాం కాబట్టి ఏ రంగైనా పర్లేదు. పాత వత్తులు, అగ్గిపుల్ల ముక్కలు, మసి అన్నీ తీసేయాలి, కరిగాక పాత బట్టలోంచి వడకట్టండి, చెత్త మిగిలితే అది రెండో వత్తిలా అంటుకుని మంట పెద్దదైపోతుంది. చిక్కేంటంటే ఆ ముక్కలు ఏ మైనమో తెలీదు కాబట్టి వత్తి సైజు కుదరడం మీ అదృష్టం, గిఫ్ట్ గా మాత్రం ఇవ్వొద్దు.

వత్తి

వత్తి అనగానే ఇంట్లో దారం ఉందిగా, దూది ఉందిగా, పేనేస్తే పోలా అనుకుంటారు. వెలిగించకుండా చూసుకునే దానికైతే ఏదైనా ఒకటే. వెలిగించేదానికి మాత్రం అల్లిన కాటన్ వత్తి కొనండి. అల్లిక వత్తికి ఉన్న గొప్పతనం ఏంటంటే కాలేకొద్దీ చివర వంగి మంట అంచుకి వెళ్ళి అక్కడే బూడిదైపోతుంది. 1825లో ఫ్రాన్స్ లో ఈ అల్లిక వచ్చేదాకా జనం క్యాండిల్ పక్కన కూర్చుని మాటిమాటికీ వత్తి కత్తిరించేవాళ్ళు. పేనిన దారం పెడితే మీరూ అదే పని చేయాలి.

సైజు దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు, వత్తి మందం క్యాండిల్ ఎత్తుని బట్టి ఉండదు, వెడల్పుని బట్టి ఉంటుంది. వత్తులు అమ్మేవాళ్ళు ఏ నంబరు ఎంత వెడల్పుకి అని రాసే ఉంచుతారు, మైనం రకం కూడా చూసి తీస్కోవాలి, సోయ్ కీ తేనెమైనానికీ అదే వెడల్పులో పారాఫిన్ కంటే ఒక సైజు లావుది పట్టడం మామూలే. సన్నం అయితే మధ్యలో బావి తవ్వినట్టు కిందికి దిగిపోయి చుట్టూ మైనం అంతా వృథా, లావు అయితే మంట ఎగిరిపడి మసి, చివర్న పుట్టగొడుగు లాంటి నల్ల ముద్ద. బాగా వెడల్పు జార్ అయితే ఒక లావు వత్తి కంటే రెండు సన్న వత్తులు మేలు. ఇంకోటి, చాలా పాత వత్తులు ఎక్కడైనా కనపడి అందులో లోహపు తీగ ఉంటే వాడకండి, ఒకప్పుడు వత్తి నిలబడటానికి సీసం తీగ పెట్టేవాళ్ళు, అమెరికాలో అది 2003లో నిషేధం అయ్యింది. తీగని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా బూడిద రంగు పడితే సీసం అని అనుమానించాలి.

చెక్క వత్తి చిటపటమని శబ్దం చేస్తూ చలిమంట లాగా బాగుంటుంది గానీ ఖరీదు, ఆరిపోతుంటుంది, మొదటి విడతకి వదిలేయండి.

మంచు లుక్ తెచ్చే పద్ధతులు

ఇక్కడికొస్తే నాకు అన్నిట్లోకీ ఇష్టమైంది ఐస్ క్యాండిల్. ఖాళీ జ్యూస్ కార్టన్ కడిగి ఆరబెట్టి పైభాగం కత్తిరించి, మధ్యలో సన్నటి రెడీమేడ్ కొవ్వొత్తి ఒకటి నిలబెట్టి, అడుగున కాస్త మైనం పోసి అది కదలకుండా గట్టిపడనిచ్చి, చుట్టూ ఐసు ముక్కలు నింపి, 80 నుంచి 90 డిగ్రీల మధ్య ఉన్న పారాఫిన్ ని ఆగకుండా గబగబా పోసేయడమే. మైనం ఐసు తగలగానే గడ్డకడుతుంది, ఐసు కరిగి నీళ్ళవుతుంది, పూర్తిగా చల్లారాక సింక్ మీద నీళ్ళు వంపేసి కార్టన్ చింపేస్తే జాలీ లాంటి క్యాండిల్ బయటికొస్తుంది, ఏ రెండూ ఒకలా ఉండవు. పెద్ద ఐసు ముక్కలైతే పెద్ద గుహలు, నాజూకు, చిన్నగా కొట్టిన ఐసు అయితే సన్నటి అల్లిక, గట్టిగా ఉంటుంది. మౌల్డ్ ఖర్చు లేదు, వత్తి సైజు గోల లేదు ఎందుకంటే లోపలి కొవ్వొత్తి వత్తే కాలుతుంది, పైగా ఐసు నీళ్ళు వత్తికి తగలకుండా ఆ కొవ్వొత్తే కాపాడుతుంది. ఉత్త వత్తి పెట్టి ఐసు వేస్తే తడి ఎక్కి చిటచిటలాడి ఆరిపోతుంది.

దీని లోపం కూడా చెప్పాలి. వెలిగిస్తే కరిగిన మైనం ఆ రంధ్రాల్లోంచి బయటికి కారుతుంది, కింద అంచున్న వెడల్పు పళ్ళెం లేకుండా పెట్టకూడదు. రెండు రోజులు గాలికి ఆరనిచ్చాకే వెలిగించాలి. సోయ్ తో ఇది చేయకండి, మెత్తగా ఉండి గోడలు నిలబడవు.

రెండోది కొట్టిన మైనం. పారాఫిన్ కరిగించి, పైన మీగడ కట్టేదాకా ఆగి, ఫోర్క్ తోనో పాత విస్క్ తోనో గిలక్కొడుతుంటే గాలి చేరి అచ్చం నురగలా తెల్లగా తయారవుతుంది, అది ఫోర్క్ తోనే ఏదైనా సాదా పిల్లర్ చుట్టూ పట్టించేస్తే మంచు పేరుకున్న చెట్టు మొద్దులా ఉంటుంది. చేతిలో టైం తక్కువ, ఓ రెండు మూడు నిమిషాలు, గడ్డకట్టేస్తే మళ్ళీ గిన్నె వేడి నీళ్ళలో పెట్టుకోవాలి. వంకర కొవ్వొత్తులు, రంగు వెలిసినవి, మచ్చలున్నవి అన్నీ దీని కింద దాచేయొచ్చు, ఇందుకే పాత ముక్కల వాళ్ళకి ఇదే మొదటి సలహా. మైనం మీద మైనమే కాబట్టి కాల్చినా ఇబ్బంది లేదు, కాకపోతే పొర మరీ మందంగా వేస్తే కరగని గోడలా మిగిలిపోతుంది, అర సెంటీమీటరు దాటనివ్వకండి. చాలామంది మెరుపు కోసం దీని మీద ప్లాస్టిక్ గ్లిటర్ చల్లుతారు, చూసుకునేదానికైతే మీ ఇష్టం, వెలిగించేదానికి వద్దు, వత్తికి అడ్డం పడుతుంది, కాలితే కంపు.

జార్ క్యాండిల్ కి అయితే డెకరేషన్ అంతా గాజు బయటే పెట్టండి, ఇది నా గట్టి అభిప్రాయం. జార్ బయట ఆరితే కనపడని తెల్ల జిగురు పూసి ఎప్సమ్ సాల్ట్ లో, అంటే ఉప్పు పలుకుల్లా ఉండే మెగ్నీషియం సల్ఫేట్ లో దొర్లిస్తే మంచు పట్టినట్టు మెరుస్తుంది, పై అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం వదిలేయండి. మామూలు ఉప్పు కూడా పనికొస్తుంది అంటారు గానీ తేమ ఉన్న చోట అది చెమ్మగిల్లి కారిపోతుంది. ఎప్సమ్ సాల్ట్ కూడా పొడి గదిలో మెల్లగా మెరుపు తగ్గి తెల్ల పొడిలా మారుతుంది, మంచు లుక్ కి అదేం నష్టం కాదు. ఈ జార్ ని కడగలేరు, తడిగుడ్డ కూడా వద్దు. దాల్చిన చెక్క పుల్లలు, ఎండు నారింజ చక్రాలు, పైన్ కాయలు లాంటివి మైనం లోపల పెట్టి ఫొటోలు పెడుతుంటారు, ఆ ఫొటో తీశాక వెలిగించి ఉండరు, ఎందుకంటే అవన్నీ మైనం పీల్చుకుని వత్తుల్లా అంటుకుంటాయి. జార్ మెడకి దారంతో కట్టుకోండి, లేదా పక్కన పేర్చుకోండి, అందం ఏమీ తగ్గదు.

ఇప్పుడు షీట్ల కథ. తేనెమైనం షీట్ అంచు మీద వత్తి పెట్టి గట్టిగా చుట్టేస్తే క్యాండిల్ అయిపోయింది, స్టవ్ లేదు థర్మామీటర్ లేదు గిన్నె కడగడం లేదు. షీట్ ని మూల నుంచి మూలకి కోసి త్రికోణం చేసి పొట్టి నిలువు అంచు వైపు నుంచి చుట్టుకుంటూ వస్తే మెలికలు తిరిగిన శంఖువు వస్తుంది, అచ్చం మంచు కొండల మీద ఉండే సూదాకుల చెట్టులా. ఆకుపచ్చ షీట్ దొరికితే ఇంక చెప్పక్కర్లేదు. చలికి షీట్లు పెళుసెక్కి పగులుతాయి, హెయిర్ డ్రైయర్ తో కాస్త వెచ్చబెట్టి చుట్టండి. గ్రాముకి ఖరీదే అయినా వేరే సామాను ఏమీ కొనక్కర్లేదు కాబట్టి రెండు మూడు క్యాండిల్స్ చాలు అనుకునేవాళ్ళకి లెక్క వేస్తే ఇదే చవక పడుతుంది, పిల్లలతో చేయించగలిగింది కూడా ఇదొక్కటే.

ఇంకా సోమరిదారి కావాలంటే కొన్న సాదా తెల్ల పిల్లర్ మీద పలచటి టిష్యూ కాగితం బొమ్మ పెట్టి, వేడి చేసిన చెంచా వెనక భాగంతో మెల్లగా రుద్దితే మైనం కాగితంలోకి పీల్చుకుని బొమ్మ అతుక్కుపోతుంది. కాగితం బయటి చర్మం మీదే ఉండాలి, పిల్లర్ లావుగా ఉండాలి, అప్పుడు మంట దగ్గరికి రాకుండా మధ్యలోనే కాలుతుంది. సన్నటి కొవ్వొత్తుల మీద ఇది చేయకండి.

నీళ్ళలో తేలే క్యాండిల్ గురించి ఒక ముక్క, గాజు పాత్రలో నీళ్ళు పోసి, పచ్చటి రెమ్మలు ఎర్రటి పళ్ళు ముంచి, పైన ఒక చిన్న తేలే క్యాండిల్ వదిలితే రెండు నిమిషాల్లో టేబుల్ నిండుగా కనపడుతుంది. ఖర్చు దాదాపు లేదు. మరుసటి రోజుకి నీళ్ళు మసకబారతాయి, అందుకే ఒక్క సాయంత్రానికి మాత్రమే పెట్టుకోండి.

కొలతలు, రంగు, సెంట్

మైనం ఎంత కావాలో తెలియక ఎక్కువ కొనేస్తారు. జార్ ని త్రాసు మీద పెట్టి కావాల్సిన మట్టం దాకా నీళ్ళు పోయండి, 200 గ్రాముల నీళ్ళు పడితే మైనం సుమారు 180 గ్రాములు, ఎందుకంటే మైనం నీళ్ళ కంటే తేలిక, 0.9తో గుణిస్తే సరిపోతుంది. తర్వాత జార్ ని పూర్తిగా తుడిచి ఆరబెట్టండి, చుక్క నీరు కూడా ఉండకూడదు. సెంట్ వేస్తే మైనం బరువులో 6 శాతంతో మొదలెట్టండి, అంటే 180 గ్రాములకి 11 గ్రాములు, సీసా మీద రాసిన పరిమితి దాటొద్దు, ఎక్కువ వేస్తే వాసన పెరగదు, నూనె విడిపోయి పైన చెమట పట్టినట్టు తేలుతుంది. ఒంటికి కొట్టుకునే పెర్ఫ్యూమ్ స్ప్రే వేయకండి, అందులో ఆల్కహాల్ ఉంటుంది, కలవదు, పైగా అంటుకునే సరుకు.

రంగుకి వంటల్లో వాడే ఫుడ్ కలర్ పనికిరాదు, నీళ్ళ రంగు మైనంలో కలవక అడుక్కి దిగిపోతుంది. పిల్లల క్రేయాన్లు కలుస్తాయి గానీ వాటి రంగు పొడి వత్తిలో ఇరుక్కుని మంట చిన్నబోతుంది. క్రేయాన్లే వాడాలనుకుంటే దానికో మార్గం ఉంది, తెల్ల క్యాండిల్ తయారయ్యాక కొంచెం మైనంలో క్రేయాన్ కరిగించి అందులో ఒక్కసారి ముంచి తీయండి, రంగు బయటి పొరలోనే ఉంటుంది, వత్తి దగ్గరికి రాదు.

కరిగించడం మాత్రం ఎప్పుడూ నేరుగా స్టవ్ మీద కాదు, పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో మైనం గిన్నె. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం కూడా దాటదు, నేరుగా మంట మీద పెట్టి అటు తిరిగితే పారాఫిన్ 200 డిగ్రీల చుట్టుపక్కలకి పోయి ఆవిరి అంటుకోవచ్చు. పొరపాటున అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టి స్టవ్ ఆపాలి, నీళ్ళు పడితే అవి ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని చుట్టూ చిమ్ముతాయి. మిగిలిన మైనం సింక్ లో పోయకండి, పైపులోనే గడ్డకడుతుంది, కాగితం కప్పులో పోసి దాచుకుంటే వచ్చేసారికి పనికొస్తుంది.

చలికాలంలోనే వచ్చే ఇంకో తంటా ఉంది, గది చల్లగా ఉంటే మైనం పైపైన గబుక్కున గట్టిపడి పగుళ్ళు, అడ్డగీతలు వస్తాయి. జార్లని పోసేముందు గోరువెచ్చగా చేయండి, పోశాక చుట్టూ తువ్వాలు కప్పండి, కిటికీకి దూరంగా పెట్టండి. తొందరపడి ఫ్రిజ్ లో పెట్టడం అసలు వద్దు. గాజు కూడా మందంగా ఉన్నదే తీస్కోండి, పలచటి గ్లాసులు, బీట ఉన్నవి వేడికి పేలతాయి.

ఇంతకీ ఎవరు ఏది చేస్కోవాలి

మొదటిసారి, రెండు మూడు చాలు, వంటింట్లో రభస వద్దు అనుకుంటే తేనెమైనం షీట్లు. ఇంట్లో పాత ముక్కలు ఉన్నాయి, పైసా ఖర్చు పెట్టను అంటే కొట్టిన మైనం. చూడగానే అబ్బా అనాలి, కానీ ఎక్కువ కాల్చను అంటే పారాఫిన్ లో స్టియరిక్ యాసిడ్ వేసి ఐస్ క్యాండిల్. గిఫ్ట్ ఇవ్వాలి అంటే నిస్సందేహంగా సోయ్ జార్, బయట ఎప్సమ్ సాల్ట్, అది కూడా ఇచ్చే రోజుకి కనీసం రెండు వారాల ముందే పోసి పెట్టుకోవాలి, అదే మైనం అదే జార్ తో ఇంకోటి చేసి మీ ఇంట్లో మొత్తం కాల్చి చూశాకే ఇవ్వాలి. తీసుకునేవాళ్ళకి కూడా ఒక చీటీ మీద రాసివ్వండి, ప్రతిసారీ వత్తి 6 మిల్లీమీటర్లకి కత్తిరించాలి, మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం అంచుల దాకా చేరేవరకు ఆపకూడదు, దానికి ప్రతి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుకి సుమారు గంట పడుతుంది, ఏకబిగిన నాలుగు గంటలు దాటొద్దు, అడుగున ఓ సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేయాలి.

ఇంట్లో పాకే పిల్లలో పిల్లులో ఉంటే అసలు మంటే లేని మార్గం చూడండి. కార్టన్ లో గట్టి పారాఫిన్, 60 డిగ్రీల పైన కరిగేది పోసి, గోడల వెంట ఒక సెంటీమీటరు మందం గట్టిపడగానే మధ్యలో ఇంకా నీళ్ళలా ఉన్న మైనాన్ని వెనక్కి గిన్నెలోకి వంపేయండి. మిగిలేది బోలు పెట్టె, దాని బయట కొట్టిన మైనంతో మంచు పట్టించి లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం పెట్టేస్తే మైనం గోడలోంచి వెలుతురు మెత్తగా వస్తుంది. మైనం కాలదు కాబట్టి వచ్చే చలికాలానికి కూడా అదే, దుమ్ము పడితే మెత్తటి బట్టతో తుడుచుకోవడమే, ఏళ్ళ లెక్కన చూస్తే దీనికయ్యే ఖర్చు తక్కువే. లోపల నిజం దీపం పెట్టాలనుకుంటే మాత్రం పెట్టె బాగా వెడల్పుగా ఉండాలి, ఇరుకైతే గోడ లోపలి నుంచి మెత్తబడి వాలిపోతుంది. వేసవిలో దీన్ని ఎండ తగిలే చోట ఉంచకండి, కాగితంలో చుట్టి చల్లటి అలమారలో నిలువుగా పెట్టుకోండి.